‘ది ట్రిప్’లో ఏమీ జరగడం లేదనిపిస్తోందా?

మీరు అడిగింది ఇదీ: ‘ది ట్రిప్’ రెండు ఎపిసోడ్లు చూశారు. ఇద్దరు నడివయసు మగాళ్లు కారులో వెళ్తారు, ఖరీదైన రెస్టారెంట్లో కూర్చుంటారు, సినిమా నటుల గొంతులు అనుకరిస్తారు, ఒకర్నొకరు దెప్పుకుంటారు, ఎవరి గదిలో వాళ్లు పడుకుంటారు. మర్నాడు మళ్లీ అదే. ఇందులో కథేముంది, దీన్ని ఇంతమంది ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నారు, ముందుకు చూడాలా వదిలేయాలా, చూస్తే సినిమాగా వచ్చినది చూడాలా ఎపిసోడ్లా అని.

వదిలేయకండి. ఎపిసోడ్లే చూడండి, మొదటి సిరీస్ నుంచి వరుసగా చూడండి. ఒక్క రాత్రిలో అన్నీ లాగించేయకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇరవై ఏళ్ల పైన టీవీలో ఎడిటింగ్ చేశాను. అందులో సగం కామెడీ కార్యక్రమాలే. ఈ సిరీస్ మొదటిసారి చూసేటప్పటికి నాకు నలభై దాటి ఒకటో రెండో. నాకూ మీలాగే బోరు కొట్టింది. మిమిక్రీ ముక్కలు మాత్రం వెతుక్కుని చూసి, నవ్వుకుని, పక్కన పడేశాను. పదేళ్ల తర్వాత మళ్లీ పెట్టి చూస్తే, అప్పట్లో నేను ఫార్వర్డ్ చేసేసిన చోట్లే అసలు సంగతి ఉంది. మారింది సిరీస్ కాదు కదా. కాబట్టి బోరు కొట్టిందని మీరేం సిగ్గుపడక్కర్లేదు.

ముందు కొంచెం వెనకటి సంగతి. 2010 నవంబరులో బీబీసీ టూలో ఆరు ఎపిసోడ్లుగా వచ్చింది. దర్శకుడు మైఖేల్ వింటర్‌బాటమ్. స్టీవ్ కూగన్, రాబ్ బ్రైడన్ ఇద్దరూ బ్రిటన్‌లో పేరున్న కామెడీ నటులు, ఇద్దరూ 1965లోనే పుట్టారు. బ్రైడన్ అయిదు నెలలు పెద్ద. కూగన్‌ది మాంచెస్టర్ దగ్గరి మిడిల్టన్, బ్రైడన్‌ది వేల్స్. సిరీస్‌లో ఇద్దరూ తమ సొంత పేర్లతోనే కనిపిస్తారు. ‘అబ్జర్వర్’ పత్రిక స్టీవ్‌కి ఒక పని ఇస్తుంది: ఇంగ్లండ్ ఉత్తరాన మంచి రెస్టారెంట్లు తిరిగి వాటి గురించి రాయాలి. ప్రియురాలు మీషా మెచ్చుకుంటుందని ఒప్పుకుంటాడు. తీరా ఆమె అమెరికా వెళ్లిపోతుంది. అప్పుడు రాబ్‌కి ఫోన్ చేస్తాడు. వేరేవాళ్లను అడిగాననీ, ఎవరికీ తీరిక లేకపోయిందనీ దాచకుండా చెబుతాడు. రాబ్ అయినా సరేనంటాడు. ఈ ఫోన్ కాల్‌ని మీరు తేలిగ్గా తీసుకుని ఉంటారు. నాలుగు సిరీస్‌ల స్నేహం మొత్తం ఇందులోనే ఉంది. ఒకడు పిలుపులోనే అవమానించాడు, రెండోవాడు అది విని కూడా బట్టలు సర్దుకున్నాడు.

ఇందులో ఏది నిజం, ఏది కల్పితం అన్న లెక్కల్లోకి వెళ్లకండి, టైమ్ దండగ. సిరీస్‌లో స్టీవ్‌కి ఎదిగిన కొడుకు ఉంటాడు, అసలు కూగన్‌కి ఉన్నది కూతురు. సిరీస్‌లో రాబ్ భార్య పేరు శాలీ, ఆ పాత్ర వేసింది రెబెకా జాన్సన్ అనే నటి. వింటర్‌బాటమ్ ఇచ్చింది ఒక చట్రం మాత్రమే. టేబుల్ దగ్గరి మాటలు చాలా మటుకు అప్పటికప్పుడు ఆ ఇద్దరూ అల్లుకున్నవే. అంతకుముందు 2005లో ఇదే దర్శకుడు తీసిన ‘ఎ కాక్ అండ్ బుల్ స్టోరీ’లోనూ వీళ్లిద్దరూ ఇలాగే తమ పేర్లతో కీచులాడుకున్నారు. ఆ కీచులాటను ఒక సినిమాలోంచి పైకి తీసి, ముందు భోజనం పెట్టి కూర్చోబెడితే వచ్చింది ఇది.

ఇక మీరు అడిగిన ‘కథేముంది’ దగ్గరికి వద్దాం. మొదటి ఎపిసోడ్‌లో, వైట్‌వెల్ ఇన్‌లో బ్రిటిష్ సినిమా నటుడు మైఖేల్ కేన్ గొంతు మీద పోటీ గుర్తుందా? ఇంటర్నెట్‌లో అందరూ పంచుకునే ముక్క అదే. అందరూ దాన్ని మిమిక్రీ అనుకుని చూస్తారు. మిమిక్రీ అంటే మనకు ముందు గుర్తొచ్చేది నేరెళ్ళ వేణుమాధవ్ గారు, ఒక స్టేజీ, ఎదురుగా చప్పట్లు కొట్టే జనం. ఇక్కడ జనం లేరు. ఎదురుగా ఉన్నది ఒక్కడే, వాడు చచ్చినా చప్పట్లు కొట్టడు. పైగా ‘అలా కాదు, ఇలా’ అంటాడు. 

ఇప్పుడు వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. కేన్ గొంతు కుర్రతనంలో ఎలా ఉండేదో, వయసు పెరిగేకొద్దీ, చుట్టలూ మందూ కలిసి ఎలా కిందికి దిగి బొంగురుపోయిందో రాబ్ విడమరిచి చెబుతాడు. స్టీవ్ ఒప్పుకోడు, భావోద్వేగంలో ఆ గొంతు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వణుకుతుందో నీకు తెలీదంటాడు. అంటే ఇద్దరు మగాళ్లు అన్నం తింటూ, ఒక మనిషి గొంతు ముసలిదైన తీరు మీద కొట్లాడుకుంటున్నారు. తమ వయసు సంగతి నేరుగా మాట్లాడమంటే ఇద్దరూ నోరు విప్పరు. కేన్ పేరు చెప్పి మాత్రం అరగంట మాట్లాడతారు. సిరీస్‌లో మిమిక్రీ చేసే పని ఇదే. గొంతు మార్చినప్పుడే వాళ్ల నోట్లోంచి నిజం వస్తుంది. సొంత గొంతులో మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒట్టి బడాయి.

రాబ్ రాత్రి గదిలోంచి భార్యకు ఫోన్ చేసి హ్యూ గ్రాంట్ గొంతులో సరసమాడతాడు గుర్తుందా? అది జోకే. కానీ పెళ్లాంతో సరసానికి కూడా పక్కవాడి గొంతు అరువు తెచ్చుకునే మనిషి ఎలాంటివాడై ఉంటాడు? అదే సమయంలో స్టీవ్ ఫోన్ సిగ్నల్ కోసం చలిలో పొలం గట్టెక్కి, అమెరికాలో ఉన్న మీషాతో, ఏజెంట్‌తో మాట్లాడుతుంటాడు. ఒకడు గదిలో వెచ్చగా, ఒకడు బయట చలిలో. ప్రతి రాత్రీ ఇలాగే కట్ చేశారు. ఎడిటర్‌గా నేను మొదట గమనించాల్సింది ఇది. గమనించలేదు.

రాబ్‌కి ఒక విద్య ఉంది. పెదవులు పెద్దగా కదపకుండా, డబ్బాలో ఇరుక్కుపోయిన చిన్న మనిషి అరుస్తున్నట్టు ఒక సన్నటి గొంతు తీస్తాడు. స్టీవ్ దాన్ని పగలంతా ఎగతాళి చేస్తాడు. రాత్రి బాత్‌రూమ్ అద్దం ముందు ఒంటరిగా నిలబడి అదే గొంతు తీయాలని చూస్తాడు, రాదు. ఈ సీన్లో డైలాగ్ లేదు, సంగీతం లేదు. నేనైతే ఆ రోజుల్లో ‘నిడివి ఎక్కువైంది’ అని కత్తెర వేసేవాణ్ని. ఆ చిన్న మనిషి గొంతును గుర్తుపెట్టుకోండి. రెండో సిరీస్‌లో, ఇటలీలోని పాంపే శిథిలాల్లో, అది మళ్లీ వస్తుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన ఒక మనిషి ఆకారం అద్దాల పెట్టెలో పడుకుని ఉంటుంది. రాబ్ ఆ పెట్టెలోని మనిషితో అదే డబ్బా గొంతులో సంభాషణ మొదలుపెడతాడు, ఇద్దరి మాటలూ తనే అంటూ. చచ్చినవాడితో ఈ ఆటలేంటని స్టీవ్ విసుక్కుని వెళ్లిపోతాడు. స్టీవ్ పోయాక కూడా రాబ్ ఆపడు. వినేవాడు లేడు, పోటీ లేదు, అయినా ఆ పెట్టె ముందు ఒక్కడే మాట్లాడుతూ ఉంటాడు. నేను ఈ సిరీస్ మొత్తంలో ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసింది ఈ ఒక్క సీనే. మొదట నవ్వొస్తుంది, సగంలో ఆగిపోతుంది.

తిండి సంగతి. మీరు ఫుడ్ షో అనుకుని మొదలుపెట్టి ఉంటే నిరాశ సహజం, ఎందుకంటే ఇద్దరికీ తిండి గురించి ఏమీ తెలీదు. రెండో ఎపిసోడ్‌లో వాళ్లు తిన్నది కార్ట్‌మెల్‌ ఊళ్లోని లాంక్లూమ్ అనే రెస్టారెంట్లో. ఆ తర్వాత 2022లో దానికి మూడు మిషెలిన్ స్టార్లు వచ్చాయి, రెస్టారెంట్లకు అంతకు మించిన గుర్తింపు లేదు. అంతటి చోట కూర్చుని, ముందు పెట్టిన ఆకుపచ్చటి పానీయం చీమిడిలా ఉందని తేలుస్తారు! రుచి బాగుందనీ అంటారులెండి. వంటింట్లో మంటలు, చిన్న పట్కారుతో ఆకులు సర్దే చేతులు, ఇవన్నీ అద్భుతంగా తీశారు. బయట హాల్లో మాత్రం ఎవడి షాన్ కానరీ బాగుందన్న గోల.

అయినా తిండి లేకపోతే ఈ సిరీస్ లేదు. ఎందుకంటే ఆ వయసు మగాళ్లిద్దరిని రెండు గంటలు ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి ఇంకే సాకూ లేదు. కారులో ఇద్దరూ రోడ్డు చూస్తారు. కొండ మీద ఇద్దరూ కొండను చూస్తారు. టేబుల్ దగ్గరే ఒకరి మొహం ఒకరు చూడాలి. ఒక ప్లేటు అయ్యాక ఇంకో ప్లేటు వచ్చేదాకా లేచిపోవడానికి లేదు. పని పరంగా నాకు నచ్చేది సర్వర్‌ని వాడుకున్న తీరు. మాట ముదిరి ఎక్కడో తగలబోతుందనగా సర్వర్ వచ్చి ప్లేటు పెట్టి, అందులో ఏమేం ఉన్నాయో వినయంగా చెబుతారు. ఇద్దరూ టక్కున బుద్ధిమంతులై ‘థాంక్యూ’ అంటారు. ఆమె వెళ్లగానే మళ్లీ మొదలు. కామెడీలో బిగువు పెంచడానికీ తెంపడానికీ మేము నానా తంటాలు పడతాం, వీళ్లకు ఆ పని సర్వర్లే చేసిపెట్టారు.

మాట్లాడేవాడి మీద కంటే వినేవాడి మీద షాట్ ఎక్కువసేపు ఉంచడం కూడా చూడండి. రాబ్ జోకు పేలుస్తుంటే కెమెరా స్టీవ్ మీద ఉంటుంది. నవ్వు వస్తుంటుంది, మింగుతాడు, ప్లేటులోకి చూస్తాడు, చివరికి ఆపుకోలేక బయటపడిపోతాడు. ఆ ఒక్క సెకను కోసమే రాబ్ నాలుగు దేశాలు తిరిగాడేమో అనిపిస్తుంది నాకు. కూగన్‌కి 2011లో హాస్య నటనకు బాఫ్టా టెలివిజన్ అవార్డు వచ్చింది ఈ సిరీస్‌కే. వినడం కూడా నటనే అని గుర్తించినందుకు ఆ జ్యూరీకి దండం పెట్టాలి.

మొదటి సిరీస్‌లో మీరింకా చూడని వాటిలో ఒకటి రెండు ముందే చెప్పేస్తాను, దీనివల్ల మజా ఏం పోదు. మాలమ్ కోవ్ అని యార్క్‌షైర్‌లో సున్నపురాయి కొండ ఉంది. అక్కడి రాళ్ల గురించి రాబ్‌కి క్లాసు పీకిన స్టీవ్, ఒంటరిగా పైకి ఎక్కుతాడు. అక్కడ ఇంకో పెద్దాయన తగులుకుని అదే రాళ్ల గురించి స్టీవ్‌కి క్లాసు పీకుతాడు. స్టీవ్ మొహం చూడాలి! ఇంకోచోట కారులో ఇద్దరూ ‘అబ్బా’ అనే స్వీడన్ పాప్ బృందం పాట అందుకుంటారు, పాట కాస్తా ఎవడి గొంతు ఎంత పైకి వెళ్తుందన్న పందెంగా మారుతుంది. సమాధుల మధ్య నిలబడి, నువ్వు పోతే నేనేం మాట్లాడతానో విను అంటూ సంతాప ప్రసంగాలు చేసుకుంటారు. స్నేహితుడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలంటే ముందు వాణ్ని చంపాలన్నమాట.

ఆరో ఎపిసోడ్ ముగింపు దగ్గర ఫోన్ పక్కన పెట్టి చూడండి. రాబ్ ఇంటికి వస్తాడు: భార్య, పసిపాప, వేడి భోజనం. స్టీవ్ తన ఫ్లాట్‌కి వస్తాడు: పెద్ద పెద్ద అద్దాలు, కింద లండన్, లోపల ఎవరూ లేరు. ఆ ఇల్లు, ఈ ఇల్లు మార్చి మార్చి చూపిస్తారు, వెనకాల మైకేల్ నైమన్ సంగీతం. దారి పొడవునా ‘నేను పెద్ద ఆర్టిస్టుని, నువ్వు టీవీ వాడివి’ అన్నవాడు ఎవడు, ఇప్పుడు ఎవడి ఇంట్లో దీపం వెలుగుతోంది? ఇక్కడ ఒక్క డైలాగ్ ఎక్కువ రాసినా ఏడుపుగొట్టు సీన్ అయ్యేది. రాయలేదు.

2014లో వచ్చిన ఇటలీ సిరీస్ నా లెక్కలో అన్నిటికంటే గొప్పది, కారణం తక్కెడ తిరగబడటమే. ఇప్పుడు స్టీవ్ నెమ్మదించాడు, కొడుకుతో సెలవులు గడపాలనుకుంటున్నాడు. ఇంటి మనిషి రాబ్ దారి తప్పుతాడు, పడవ మీద పనిచేసే ఒక అమ్మాయితో. ఇంటికి ఫోన్ చేస్తే శాలీకి చిన్నపిల్లతో తీరికుండదు, భర్త గొంతులో మార్పు ఆమె చెవికి ఆనదు. మొదటి సిరీస్‌లో మంచివాడనుకున్నవాడు మంచివాడు కాదా, లేక వాడికి ఇంతకాలం అవకాశం రాలేదా? సిరీస్ తీర్పు ఇవ్వదు. ఆ ముడి విప్పకుండానే ముగుస్తుంది.

ఈ ప్రయాణం బైరన్, షెల్లీ అనే ఇద్దరు కవుల అడుగుజాడల్లో. షెల్లీ 1822లో ఇటలీ తీరంలో మునిగిపోయాడు, వయసు 29. బైరన్ 1824లో గ్రీసులో జ్వరంతో పోయాడు, 36. వాళ్ల ఇళ్లు, సమాధులు చూస్తూ తిరుగుతున్న వీళ్లిద్దరూ అప్పుడు యాభైకి గుమ్మంలో ఉన్నారు. కుర్రతనంలో పోయినవాళ్లు ఎప్పటికీ కుర్రాళ్లే, మిగిలినవాళ్ల సంగతే ఇబ్బంది. ఆడపిల్లలు ఇప్పుడు మనల్ని చూసి నవ్వితే అది ఎలాంటి నవ్వో, మనల్ని దాటి అవతలికి ఎలా చూస్తారో ఇద్దరూ మాట్లాడుకునే సీన్ ఉంది. అంతకుముందు సిరీస్‌లో హోటల్ అమ్మాయిలతో స్టీవ్ వేసిన వేషాలన్నీ గుర్తొస్తాయి. వరుసగా చూడమన్నది ఇందుకే.

2017లో స్పెయిన్. ఇక్కడి నుంచి సిరీస్ బీబీసీ వదిలి స్కై ఛానళ్లకు మారింది. ఈసారి ఆధారం ‘డాన్ కిహోటే’, తనను వీరుడిగా ఊహించుకుని బయల్దేరిన ఒక పెద్దాయన మీద సెర్వాంటెస్ రాసిన స్పానిష్ నవల. ఇద్దరికీ యాభై దాటాయి. సెర్వాంటెస్ ఆ పుస్తకం మొదటి భాగాన్ని 1605లో అచ్చు వేయించేటప్పటికి ఆయనకు 57. స్టీవ్ లాంటివాడికి ఇంతకంటే తియ్యటి మాట ఏముంటుంది, మన గొప్ప పుస్తకం ఇంకా ముందుందన్న ఆశ! ‘ఫిలొమీనా’ సినిమాకి తనకొచ్చిన ఆస్కార్ నామినేషన్ల మాట సందు దొరికితే తెస్తుంటాడు. అవతల ఏజెంటు మారిపోతాడు, అతని స్క్రిప్టు దిద్దడానికి ఇంకో కుర్ర రచయితను పెడతారు, కొడుకు ఫోన్ చేసి తన గర్ల్‌ఫ్రెండ్ కడుపుతో ఉందంటాడు. తాత కాబోతున్న డాన్ కిహోటే అన్నమాట.

ఈ సిరీస్‌లో జేమ్స్ బాండ్ వేషం వేసిన రోజర్ మూర్ గొంతుతో రాబ్ ఆపకుండా చేసే ఒక సీన్ ఉంది. ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన ముస్లింలు, అంటే మూర్లు, స్పెయిన్‌ని ఏలిన చరిత్ర స్టీవ్ గంభీరంగా చెబుతుంటే, రాబ్ ఆ ‘మూర్’ని పట్టుకుని రోజర్ మూర్‌ని చేసేస్తాడు. పక్కన ఆడవాళ్లు కూర్చుని ఉన్నా, స్టీవ్ బతిమాలినా ఆపడు. నవ్వు స్థాయి దాటి చిరాకు వస్తుంది, చిరాకు దాటి మళ్లీ నవ్వొస్తుంది. ఆ ఎపిసోడ్లు 2017 ఏప్రిల్‌లో మొదలయ్యాయి, మే 23న రోజర్ మూర్ పోయారు. అది ఎవరూ అనుకుని చేసింది కాదు. ఇప్పుడు చూస్తే మాత్రం ఆ సీన్‌కి ఇంకో రంగు వచ్చింది.

స్పెయిన్ ముగింపు నాకు నచ్చదు, దాచడం ఎందుకు. స్టీవ్‌ని ఒంటరిగా ఆఫ్రికా తీరం దాటించి, ఎడారి దారిలో ట్రక్కులో వస్తున్న మనుషుల్ని చూసి బెదిరిపోయేలా చేసి, అక్కడ ఆపేస్తారు. పదిహేడు ఎపిసోడ్లు బల్ల మీద ఉప్పు డబ్బా జరిపినంత నెమ్మదిగా నడిచిన సిరీస్‌కి ఆ మెలిక అరువు తెచ్చుకున్నదిలా ఉంది. చాలామందికి అదే నచ్చింది. మీరు చూశాక మీ మాట మీరు చెప్పండి.

2020లో గ్రీసు. ట్రాయ్ దగ్గర మొదలై గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ సొంత ద్వీపం ఇథాకా దాకా. ట్రాయ్ యుద్ధం అయ్యాక ఒడిస్సియస్‌కి ఇల్లు చేరడానికి పదేళ్లు పట్టింది. వీళ్లు మొదలుపెట్టిందీ పదేళ్ల కిందటే, ఆ లెక్క వాళ్లే సిరీస్‌లో వేసుకుంటారు. మొదటి అయిదు ఎపిసోడ్లు కొంచెం నీరసంగానే ఉంటాయి, మిమిక్రీ కూడా పాత సరుకు. ఇంటి దగ్గర స్టీవ్ తండ్రికి బాగోలేదు. కొడుకు నుంచి ఫోన్లు వస్తుంటాయి. స్టీవ్ జోకుల మధ్య ఫోన్ చూసుకుంటుంటాడు. ఇక్కడ రాబ్ చేసేది గమనించండి: గొంతులు తగ్గిస్తాడు. మూడు సిరీస్‌ల్లో ఎన్నిసార్లు బతిమాలినా ఆపని మనిషి, ఎవరూ అడక్కుండానే నెమ్మదిస్తాడు. అప్పుడు కూడా ‘నేనున్నాను’ లాంటి మాట ఒక్కటీ అనడు. 

చివర్లో స్టీవ్ ప్రయాణం సగంలో ఆపి ఇంటికి వెళ్తాడు. రాబ్ ఇథాకా చేరతాడు, శాలీ అక్కడికి వస్తుంది. మళ్లీ అదే పద్ధతి, ఇక్కడ ఒక ముక్క, అక్కడ ఒక ముక్క. 2010లో రాబ్ ఇల్లు, స్టీవ్ ఫ్లాట్ మార్చి మార్చి చూపించారే, సరిగ్గా ఆ కటింగే. అప్పుడు ఒకడు ఇల్లు చేరాడు, ఒకడికి చేరడానికి ఇల్లు లేదు. ఇప్పుడు ఇద్దరూ చేరారు, కానీ ఒకడు చేరింది చావు ఇంటికి. ఇది తెలియాలంటే మొదటి సిరీస్ ముగింపు కళ్లలో ఉండాలి.

ఇక సినిమాలా ఎపిసోడ్లా. ప్రతి సిరీస్‌నూ సినిమాగా కుదించి విడుదల చేశారు, బ్రిటన్ బయట చాలామంది చూసింది అదే. ఆరు అరగంటల సరుకును రెండు గంటల లోపుకు తెచ్చారు. ఆ పని ఎలా జరుగుతుందో నాకు తెలుసు: ముందు నవ్వొచ్చేవి దాచుకుంటాం, కథ నడిపేవి ఉంచుకుంటాం, రెండూ కానివి తీసేస్తాం. ఈ సిరీస్‌లో గొప్పవి ఆ రెండూ కానివే. మెనూ చూసుకుంటూ కూర్చున్న నిమిషం, బిల్లు వచ్చేదాకా కిటికీలోంచి చూసిన చూపు, పొద్దున టిఫిన్ దగ్గర రాత్రి గొడవ గుర్తు రానట్టు చేసే నటన. అదీగాక సినిమాలో భోజనం తర్వాత భోజనం తర్వాత భోజనం వచ్చి కడుపు నిండిపోతుంది. టీవీలో వారానికి ఒక్క భోజనం. అందుకే ఒకేసారి చూడొద్దన్నది. రోజుకు ఒకటి మించొద్దు, సిరీస్‌కీ సిరీస్‌కీ మధ్య కొన్ని నెలలు వదిలేయగలిగితే ఇంకా మంచిది. వాళ్లు మూడు నాలుగేళ్ల ఎడం ఇచ్చారు. కూగన్ జుట్టు ఎంత నెరిసిందో, బ్రైడన్ కళ్ల కింద ఏం వచ్చాయో మేకప్‌తో తెచ్చింది కాదు.

మీరు మొదటి రెండు ఎపిసోడ్లలో ఏమీ జరగలేదన్నదానికి ఇంకో చిన్న కారణం ఉండొచ్చు. మైఖేల్ కేన్ గొంతు మీ చెవిలో లేకపోతే ఆ గొడవంతా గాలిలో పోతుంది. కాబట్టి 1969 నాటి ‘ది ఇటాలియన్ జాబ్’లోంచి కేన్ మాట్లాడే ఒక సీన్ వినండి. వెంటనే 2008 నాటి ‘ది డార్క్ నైట్’లో బ్యాట్‌మన్ ఇంటి బట్లర్‌గా ఆయన మాట్లాడేది వినండి. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు. తర్వాత సబ్‌టైటిల్స్ పెట్టుకుని వైట్‌వెల్ టేబుల్ సీన్‌కి మళ్లీ ఒకసారి వెళ్లండి, ఈసారి మాట్లాడేవాణ్ని కాకుండా వినేవాణ్ని చూడండి. ఆ తర్వాత మూడో ఎపిసోడ్ పెట్టండి.